రెండు వేళ్ళ సందు

గేరక్కకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గాని, అది హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా పలకదు. ఆడవాళ్ళకు మోటారుసైకిల్ నేర్పే స్కూల్లో ఇరవై రెండేళ్ళుగా పని చేస్తోంది. చేరిన కొత్తలో ఓ బట్టల కొట్టు పిల్ల క్లచ్ పట్టకుండా గేరు మార్చబోతే, "గేరు తల్లీ, గేరు" అని అరుచుకుంటూ మైదానం చుట్టూ ఆ బండి వెంట పరిగెత్తింది. ఆ సాయంత్రానికే పేరు మారిపోయింది. కట్టుకున్నవాడు కూడా పోయేదాకా అలాగే పిలిచాడు.

మనిషి పొట్టి, గట్టి. యాభై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళలో ఒకటి మాట వినడం మానేసింది. గొంతు మాత్రం ఇంకా కొత్తదే. ఆ గొంతుతోనే ఇన్నాళ్ళూ తిండి సంపాదించుకుంది, ఆ గొంతంటేనే ఆమెకు గొప్ప.

పని ఎలాగంటే, నేర్చుకునే మనిషి ముందు ఒక బండి మీద పోతుంది, నేర్పే మనిషి వెనక ఇంకో బండి మీద వస్తుంది. పరీక్ష రోజున కూడా అంతే. ఆఫీసరు వెనక బండి మీద వస్తూ ఎడమకు తిరుగు, వేగం తగ్గించు అని చెబుతూ ఉంటాడు. గేరక్క చేరినప్పుడు బండ్ల మధ్య మాట్లాడుకునే సెట్లు లేవు. హెల్మెట్ గ్లాసు పైకెత్తి, గాలికి నోరు తెరిచి అరిచేది. అరుపు అందని చోట చెయ్యి చాపి చూపించేది. తరవాత హెల్మెట్లలోకి సెట్లు వచ్చాయి. చెవి దగ్గర అరచేతిలో సగమంత స్పీకరు, నోటి దగ్గర పుల్లకు తగిలించిన మైకు. మాట్లాడితే మైకు దానంతటదే తెరుచుకుంటుంది, ఊరుకుంటే మూసుకుంటుంది. మీటలు నొక్కే పని లేదు.

సెట్లు వచ్చి తొమ్మిదేళ్ళయింది. గేరక్క గ్లాసు మాత్రం ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కనాడూ పూర్తిగా దిగలేదు. కళ్ళజోడుకు ఆవిరి పడుతుందని, కీలు దగ్గర సైకిల్ ట్యూబు ముక్క ఒకటి దూర్చి పెట్టింది. గ్లాసు ఎంత లాగినా గడ్డం దగ్గర రెండు వేళ్ళ సందు వదిలి ఆగిపోతుంది. ఆవిరి ఒక సాకే అనుకోండి. ఇంట్లో తలుపులన్నీ బిగించుకుని పిలిస్తే వీధిలో పోయేవాడికి ఏం వినపడుతుందన్నది ఆమె వాదన. సెట్టు ఉన్నా సరే, గాలిలోకి అరిస్తే గాని మాట గడప దాటినట్టు ఆమెకు తృప్తి ఉండదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఒంట్లో చారెడు నెత్తురు కూడా మిగలనట్టు ఉండేది. అది బండి నడిపిన అలసట కాదు. బండి ఆమెకు కుర్చీ లాంటిది. తలకాయ లోపల ఎవరో రోజంతా కొలిమి ఊది, మంట ఆర్పకుండా వెళ్ళిపోయినట్టు ఉండేది. కుడి చెవిలో సన్నటి ఈల. కుక్కర్ ఏమోనని మొదట్లో రెండుసార్లు లేచి వంటగదిలోకి వెళ్ళి చూసింది. తరవాత ఆ ఈల తనదేనని తెలిసింది, ఇక లేవలేదు. వయసు అనుకుంది. వయసు మీద తోసేస్తే మళ్ళీ ఏ మనిషినీ అడగక్కర్లేదు.

ఆ ఏడు వానలు వెనకపట్టాక వరసగా నలుగురు పరీక్ష పోగొట్టుకున్నారు. పళ్ళ కొట్టు ఆమె, స్కూలు ఆయా, కొరియర్‌లో చేరబోతున్న పిల్ల, బట్టలు కుట్టే ఆమె. నలుగురూ గేరక్క చేతికింద నేర్చుకున్నవాళ్ళే. మైదానంలో ఎనిమిది అంకె చుట్టినట్టు చుట్టేవాళ్ళు. ఊళ్ళో మలుపులు బాగానే తిరిగేవాళ్ళు. ఆ ఏడే పరీక్ష దారిలో చేర్చిన ఊరవతల పెద్ద వంతెన మీదికి ఎక్కేసరికి పోయేవాళ్ళు. ఆఫీసరు కాగితాల మీద నలుగురికీ ఒకటే రాత: వెనక అద్దంలోకి అదే పనిగా చూస్తూ బండిని పక్క గీత మీదికి పోనిచ్చారు.

గేరక్కకు ఒళ్ళు మండిపోయింది. ఈ కాలపు ఆడవాళ్ళకు అద్దం పిచ్చి అని తేల్చేసింది. వంతెన మీద వాళ్ళు అద్దంలోకి చూసిన కొద్దీ ఆమె అరిచేది, ఆమె అరిచిన కొద్దీ వాళ్ళు ఇంకా చూసేవాళ్ళు. కుట్టుపని ఆమెతో ఒకనాడు బండి ఆపించి మరీ చెప్పింది. ముఖం చూసుకోవాలంటే ఇంట్లో కూర్చో, బండి నీ వల్ల కాదు అని. ఆమె తల వంచుకుని సరే మేడమ్ అంది. అంతకన్నా ఏమంటుంది? నేర్పే మనిషి పెద్దది, ఆ నోరు ఇంకా పెద్దది.

స్కూలు పెట్టిన పెద్దాయన పోయాక కొడుకు చూసుకుంటున్నాడు. చిన్న ఓనరు అంటారు. గేరక్క చేరిన నాటికి పిల్లాడు, ముక్కు తుడిచి బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పేది. అందుకే కోప్పడలేడు. నాలుగు కాగితాలూ బల్ల మీద పేర్చి, వాటి వంకే చూస్తూ చెప్పాడు.

"ఆంటీ, ఐదో మనిషి కూడా పోతే మీరు రోడ్డు వదిలేయండి. లోపల ఫ్యాను కింద కూర్చుని ఫోన్లు చూసుకుందురుగాని. వంతెన పాఠాలు కొత్త మాస్టారుకు ఇస్తాను."

తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. అంత మెత్తగా చెప్పేసరికి తిట్టడానికి దారి లేకపోయింది. దానికి తోడు, మోకాలు నొప్పిగా ఉందేమో, ఆ ఫ్యాను కింద కుర్చీ ఒక్క క్షణం నిజంగానే బాగున్నట్టు కనిపించింది. తనకు అలా కనిపించినందుకు ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. రోడ్డు మీద ఆమె గేరక్క. కుర్చీలో కూర్చుంటే ఎవరు? ఫోనెత్తే ముసలామె. ఆ కుర్చీలోంచి మళ్ళీ లేచి బండెక్కిన వాళ్ళెవరూ లేరు, తనకు ముందు అలా కుర్చీ ఎక్కిన ఇద్దర్నీ ఆమె చూసింది.

ఐదో మనిషి ఎవరా అని జాబితా చూస్తే, సొంత తోటికోడలు.

వీళ్ళ సంగతి కాస్త చెప్పాలి. ఒకే మేడలో పైన గేరక్క రెండు గదుల్లో ఒక్కతే ఉంటుంది. కింద మరిదీ తోటికోడలూ. మెట్లు ఒకటే, నీళ్ళ కుళాయి ఒకటే, మాటలు మాత్రం పన్నెండేళ్ళుగా అవసరానికి మించి లేవు. అత్తగారు పోయినప్పుడు ఆవిడ కుట్టుమిషన్ ఎవరికి అన్న దగ్గర చెడింది. పెద్దకోడల్ని కనుక నాకు అని ఈమె, చివరిదాకా చూసుకున్నదాన్ని కనుక నాకు అని ఆమె. మిషన్ కిందింట్లోనే ఉండిపోయింది. గేరక్కకు నిజానికి సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగ్గా రాదు. అయినా మెట్లు దిగుతుంటే టకటకమని ఆ చప్పుడు వినపడిన ప్రతిసారీ మొహం తిప్పుకుని పోయేది.

మరిది గోడౌన్‌లో మూటలు మోసేవాడు. ఆ ఏడు నడుం పడిపోయింది, మంచం దిగలేడు. తోటికోడలు వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు ఒళ్ళు తుడిచే పని చేసేది. ఇప్పుడు ఓ క్లినిక్ వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి పుళ్ళకు కట్లు మార్చే పని ఇస్తామన్నారు, బండి లైసెన్సు ఉంటే. ఊళ్ళో ఉన్న స్కూలు ఇదొక్కటే. పెద్దావిడ దగ్గర నేర్చుకోవాలంటే ఆమెకు ఎంత కష్టమో, ఆమెకు నేర్పాలంటే ఈమెకు అంతే కష్టం.

మొదటి వారం ఇద్దరూ పరాయివాళ్ళ కన్నా మర్యాదగా ఉన్నారు. మైదానంలో తోటికోడలు చురుగ్గా నేర్చుకుంది. రోగుల్ని ఎత్తి తిప్పిన చేతులు కదా, బరువు ఎటు ఒరుగుతుందో వాటికి చప్పున తెలుస్తుంది. గేరక్క లోపల మెచ్చుకుని పైకి, "క్లచ్ మీద చెయ్యి, గొడ్డు మెడ మీద చెయ్యిలా వేశావేం?" అంది. రెండో వారం వంతెన ఎక్కారు. ఎక్కిన అర నిమిషానికి తోటికోడలి తల అద్దం వైపు తిరిగింది. మళ్ళీ తిరిగింది. బండి మెల్లగా గీత వైపు జరిగింది. గేరక్క, ఎడమకు జరుగు, ముందుకు చూడు, అద్దం వదులు అని ఊపిరి కొద్దీ అరిచింది.

వంతెన దిగిన చోట టీ బండి ఉంది. తోటికోడలు చెప్పకుండానే అక్కడ బండి పక్కకు తీసి ఆపేసింది. హెల్మెట్ తీసి సీటు మీద పెట్టి, రెండు చెవులూ అరచేతులతో రుద్దుకుంది.

"ఎందుకాపావు?"

"చెవులకు కాసేపు సెలవిద్దామని."

"నేను చెప్పి చెప్పి గొంతు పోయింది."

"నువ్వేం చెప్పావో నాకేం తెలుసక్కా. పిండి మరలో తల పెట్టి నిలబడ్డట్టుంది. అందులో నీ మాట ఏది, మర ఏది?"

గేరక్క నమ్మలేదు. అక్కడే నిలబడి, మళ్ళీ హెల్మెట్లు పెట్టించి, పది గజాల దూరం నడిచి, ఒకటి రెండు మూడు అని లెక్క పెట్టింది. తోటికోడలు అన్నీ తిరిగి అప్పజెప్పింది. నిలబడి మాట్లాడితే గంట కొట్టినట్టు వినపడుతోంది. చూశావా, సెట్టు బంగారంలా ఉంది, లోపం వినే మనిషిలోనే ఉంది అంది గేరక్క. ఇన్నేళ్ళలో ఇన్ని వందల మందికి నేర్పాను, ఒక్కరూ ఈ మాట అనలేదు అని కూడా అంది.

"వాళ్ళెందుకంటారు? ఫీజు కట్టినవాళ్ళు, నువ్వు ఎక్కడ పీక్కుతింటావోనని గుటకలు మింగి ఊరుకుంటారు. నేను నీ తోటికోడల్ని. నువ్వు నాకు పెట్టిందీ లేదు, ఇక తీసుకునేదీ లేదు." తోటికోడలు గేరక్క హెల్మెట్ వైపు వేలు చూపించింది. "నీది నాకియ్యి, నాది నువ్వు పెట్టుకో. నీ బండి మీద నేను వెనక వస్తా. ఒక్కసారి ముందు నువ్వు పో."

ఆ బండిని పద్నాలుగేళ్ళుగా గేరక్క తప్ప ఇంకొకరు ముట్టుకోలేదు. సైలెన్సర్ తుప్పు పట్టి, దగ్గు పట్టిన ముసలాడిలా ఒక మోత మోస్తుంది. మార్చమని చిన్న ఓనరు ఎన్నిసార్లు చెప్పినా, మోత ఉంటేనే వెనక మనిషి ఉన్నట్టు తెలుస్తుందని ఊరుకునేది. ఇప్పుడు తాళం చెవి పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. ఇవ్వనంటే భయపడినట్టు. చివరికి చెయ్యి చాపకుండా, ట్యాంకు మీద పెట్టి పక్కకు జరిగింది.

తిరుగు దారిలో గేరక్క ముందు, తోటికోడలు వెనక. వంతెన మొదట్లో మాట బాగానే వచ్చింది. "అక్కా, నీ హెల్మెట్‌లో ఏంటి ఈ వాసన, జండూబామా?" అని కూడా వినపడింది. వంతెన వెన్ను మీదికి ఎక్కి వేగం పెరిగేసరికి చెవుల్లో గోడ కూలినట్టయింది. హోరు. అందులో మళ్ళీ తన సొంత బండి మోత, తన చెవి పక్కనే. వెనక తోటికోడలు నోరు మూసుకున్నా ఆమె మైకు మూసుకోవడం లేదు. ఆ రెండు వేళ్ళ సందులోంచి దూరిన గాలి తిన్నగా వచ్చి మైకును కొడుతోంది, సెట్టు ఆ గాలినే మనిషి నోరనుకుని తెరుచుకుని కూర్చుంది. ఎవరి మైకు మోత వాళ్ళ చెవికి రాదు. ఎదుటివాళ్ళ చెవికే పోతుంది. తొమ్మిదేళ్ళుగా ఆమె వెనకే ఉంది, ముందు ఏం జరుగుతుందో ఆమెకు తెలిసే దారే లేదు.

హోరు వెనకాల ఎవరో ఏదో చెబుతున్నట్టు మాత్రం తెలుస్తోంది. ఏం చెబుతోంది? వెనక లారీ వస్తోందా? తోటికోడలు ఆ బరువు బండిని ఆపలేకపోతోందా? గేరక్క అద్దంలోకి చూసింది. తోటికోడలు చెయ్యి చాపి ఏదో చూపిస్తోంది. ఎటు చూపిస్తోందో సరిగ్గా ఆనలేదు. మళ్ళీ చూసింది. ఇంకోసారి చూస్తుండగా ముందు చక్రం కింద టకటకమని మోగింది. గీత మీద వరసగా దిగేసిన బొడిపెలు. ఇరవై రెండేళ్ళుగా బండి నేర్పుతున్న గేరక్క, తనే గీత మీద పోతోంది.

హ్యాండిల్ సర్దుకుని ఎలాగో వంతెన దిగింది. దిగి, పక్కకు తీసి ఆపింది.  తోటికోడలు వచ్చి పక్కన ఆగింది, ఎగతాళి చెయ్యలేదు. అదొక్కటే ఆ రోజు ఆమె చేసిన మర్యాద.

"అద్దంలోకి చూసేది ఎందుకు? నా చెయ్యి కోసమా?" అంది గేరక్క.

"నీ చెయ్యి కోసమే. ఇంకేముందక్కడ, నీ అందమా?"

"వెనక నుంచి ఏం చెప్పావు ఇందాక?"

"కుట్టుమిషన్ నువ్వే తీసుకుపో అన్నాను. వినపడలేదుగా? అయితే అయిపోయింది, ఇక అడక్కు."

గేరక్కకు నవ్వొచ్చింది గాని నవ్వే ఓపిక లేదు. ఆ నలుగురూ కళ్ళ ముందుకు వచ్చారు. వాళ్ళు అద్దంలో వెతికింది తన చెయ్యి. మాట అందక చెయ్యి వెతుక్కోవడం వాళ్ళ మెడకు అలవాటైపోయింది. పరీక్షలో ఆఫీసరు మాట తేటగా వినపడుతున్నా, వంతెన ఎక్కేసరికి మెడ దానంతటదే వెనక్కు తిరిగింది. మెడకు ఆ అలవాటు నేర్పింది ఎవరు? మళ్ళీ ఆ మెడనే పట్టుకుని తిట్టింది ఎవరు?

మర్నాడు పాఠాలు మానేసి, సెట్లు బాగుచేసే అతని దగ్గరికి వెళ్ళింది. సంత పక్క సందులో చిన్న గది, గోడ నిండా విప్పిన హెల్మెట్లు. అతను ఆమె హెల్మెట్ అటూ ఇటూ తిప్పి చూసి, మైకు మీది స్పాంజి టోపీ ఏదని అడిగాడు. అలాంటిదొకటి ఉండాలని కూడా ఆమెకు గుర్తు లేదు. ఎప్పుడో ఊడి ఎక్కడో పడిపోయింది. మైకు పుల్ల గడ్డం కిందికి వంగిపోయి ఉంది. పెదవికి తగిలీ తగలనట్టు ఉండాలన్నాడు. ట్యూబు ముక్క లాగి పారేశాడు. మెడ కింది నుంచి గాలి దూరకుండా గుడ్డ పట్టీ వేయించుకోమన్నాడు. మైకు దానంతటదే తెరుచుకోకుండా, బొటనవేలితో మీట నొక్కితేనే తెరుచుకునేలా మార్చి ఇచ్చాడు. సైలెన్సర్ గురించి ఆమే ముందుగా చెప్పింది, మార్పిస్తానని. చివరికి రెండు మెత్తటి బిరడాలు చేతిలో పెట్టి చెవుల్లో పెట్టుకోమన్నాడు.

అక్కడ మాత్రం ఆమె అడ్డం తిరిగింది. వినపడటం లేదని వస్తే చెవులు మూసుకోమంటావేమయ్యా అంది. అతను ఓపికగా చెప్పాడు. బిరడా పెడితే గాలి చప్పుడూ తగ్గుతుంది, మాటా తగ్గుతుంది. అప్పుడు సెట్టు శబ్దం పెంచుకుంటే మాట ఒక్కటే పెరుగుతుంది, గాలి పెరగదు. బిరడా లేకుండా గాలి మీద పోటీగా సెట్టు పెంచుకుంటూ పోతే రెండూ కలిసి చెవిని తినేస్తాయి.

"ఇప్పటికి ఎంత తినేశాయి?" అంది గేరక్క. ఈల సంగతి మొదటిసారి ఒకరికి చెప్పింది.

అతను హెల్మెట్ ఆమె చేతికిచ్చాడు. ఆ ఈల వెళ్ళేది కాదమ్మా, ఇంక పెరగకుండా చూసుకోండి అన్నాడు. ఆమె తల ఊపి హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చేసింది. దారిలో ఎండ బాగా కాస్తోంది. ఎక్కడా ఆగకుండా నడుచుకుంటూ పోయింది, మోకాలి సంగతి కూడా గుర్తు రాలేదు.

స్పాంజి టోపీ అతని దగ్గర లేదు, తెప్పించాలంటే పది రోజులన్నాడు. పరీక్ష ఇంకా నాలుగు రోజులే ఉంది. గేరక్క తన పాత కోటు భుజంలోని మెత్త పీకి, ఒంటరి ఊలు మేజోడు ఒకటి వెతికి, రెండూ చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. కిందింటి గడప పన్నెండేళ్ళలో మరిదిని చూడటానికి తప్ప తొక్కలేదు. తోటికోడలు మిషన్ ముందే ఉంది. గేరక్క గుమ్మంలో నిలబడి, బొటనవేలంత సంచీ కుట్టాలి, నాకు రాదు అంది. ఆ 'రాదు' అన్న మాట ఆమె నోట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. మంచం మీది మరిది కూడా తల తిప్పి చూశాడు.

తోటికోడలు మెత్త కత్తిరించి, పైన మేజోడు తొడిగి, మైకు మీద పెట్టి కొలిచి, మళ్ళీ విప్పి కుట్టింది. మెడ పట్టీ పాత దుప్పటి అంచుతో కుట్టింది. గేరక్క పక్కన కూర్చుని సూది కిందికి గుడ్డ పోతుంటే చూస్తూ ఉండిపోయింది. "మిషన్ మంచి చేతిలోనే ఉంది" అంది లేస్తూ. తోటికోడలు పళ్ళతో దారం తెంపి, ఆ మాట వినపడనట్టే ఊరుకుంది.

మర్నాడు వంతెన. కళ్ళజోడు లోపలి వైపు పొడి సబ్బు రాసి గుడ్డతో తుడిచింది, ఆవిరి పట్టలేదు. ఇద్దరి చెవుల్లోనూ బిరడాలు. ముందు బండి మనిషికి చేతులు ఖాళీ ఉండవు గనక ఆమె మైకును పాత పద్ధతిలోనే ఉంచారు, గ్లాసు మాత్రం పూర్తిగా దించారు. గేరక్క గ్లాసు కూడా టక్కుమని మూసుకుంది. వంతెన వెన్ను మీదికి ఎక్కేసరికి, ఎప్పుడూ హోరు మొదలయ్యే చోట, ఒక చప్పుడు వినపడింది. ఎవరో ఆయాసపడుతున్నారు. తోటికోడలి ఊపిరి. చిన్నచిన్నగా, గబగబా. మధ్యలో "పడను, పడను, పడితే ఆయన్నెవరు లేపుతారు, పడను" అని గొణుక్కుంటోంది.

గేరక్క బొటనవేలు మీట మీదికి పోయి ఆగింది. ఇన్నేళ్ళుగా ముందు పోయిన మనుషులందరూ ఇలాగే ఊపిరి పీల్చుకుని ఉంటారు. వాళ్ళ భయం మీద ఈమె గాలి పోసింది. మీట నొక్కి, ఇంట్లో పక్క మనిషితో మాట్లాడినట్టు, "ముందుకు చూడవే. ఎడమకు ఒక జానెడు. అంతే" అంది. తల అద్దం వైపు తిరగలేదు. తరవాతి రెండు రోజులూ కూడా తిరగలేదు.

పరీక్ష శుక్రవారం పొద్దున. ఆఫీసరు సెట్టు వేరు, నేర్పినవాళ్ళకు ఏమీ వినపడదు. గేరక్క గేటు దగ్గర స్తంభానికి ఆనుకుని నిలబడింది. కొత్త మాస్టారు కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చోలేదు. ఆ కుర్చీ వైపు చూడను కూడా లేదు. ముప్పావు గంటకు రెండు బండ్లూ తిరిగి వచ్చాయి. తోటికోడలు బండి స్టాండు వేసి, హెల్మెట్ తీయకుండానే అక్కడి నుంచి రెండు వేళ్ళు పైకెత్తి చూపించింది. రెండోసారి రమ్మన్నారేమో అనుకుంది గేరక్క. కాగితం చేతికి వచ్చాక గాని తెలియలేదు, ఆ రెండు వేళ్ళు గ్లాసు సందు మీద వేసిన వెటకారమని. పాసు. అద్దం గురించి కాగితం మీద ఒక్క ముక్క లేదు.

చిన్న ఓనరు సంతోషించాడు. మీరు రోడ్డు మీదే ఉండండి ఆంటీ, నాకు ముందే తెలుసు అన్నాడు. అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. ఇంటికి పోయి నిద్రపోవచ్చు, నిద్ర ఆమెకు ఎంతో బాకీ ఉంది. గేరక్క బల్ల మీది ఆ నాలుగు పాత కాగితాలూ తన వైపుకు లాక్కుంది.

"ఈ నలుగురూ వాళ్ళ తప్పుకు పోలేదు, నా తప్పుకు పోయారు" అని, ట్యూబు ముక్క దగ్గర్నుంచి అంతా చెప్పింది.

అతను పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "చెప్పకపోతే నాకు తెలిసేది కాదు ఆంటీ."

"తెలుసు."

నలుగుర్నీ మళ్ళీ పిలవండి అన్నాడు చివరికి. ఫీజు లేదు, కాని రోజూ వచ్చేవాళ్ళ పాఠాలు ఆపడానికి వీల్లేదు, ఆదివారాలు మీవి అన్నాడు. అలా ఆమెకు రోడ్డు మిగిలింది, ఆదివారం పోయింది.

ఫోన్లు తనే చేసింది. పళ్ళ కొట్టు ఆమె ముందు అర గంట తిట్టి, తరవాత ఏ టైముకు రమ్మంటారు అంది. ఆయా ఏడ్చింది. కొరియర్ పిల్ల, మీరు నిజంగా గేరక్కేనా అని రెండుసార్లు అడిగింది. కుట్టుపని ఆమె మాత్రం చాలా మర్యాదగా మాట్లాడింది. బండి అమ్మేశాం మేడమ్, నా వల్ల కాదని మీరే అన్నారుగా అంది. గేరక్క, నేను అన్నది తప్పు అంది. "పర్లేదు మేడమ్. ఇప్పుడు బస్సుకు అలవాటైపోయింది" అని ఆమె ఫోను పెట్టేసింది.

మొదటి ఆదివారం ముగ్గురూ వచ్చారు. వంతెన మీద పళ్ళ కొట్టు ఆమె తల పాత అలవాటుకొద్దీ అద్దం వైపు తిరగబోయింది. గేరక్క మీట నొక్కి, "అక్కడేం లేదు. నేను చెబుతాగా" అంది. తల ముందుకు తిరిగింది. ఆయాకు, కొరియర్ పిల్లకు కూడా అదే మాట రెండేసిసార్లు చెప్పాల్సి వచ్చింది. మెడకు పట్టిన అలవాటు ఒక్క ఆదివారంతో వదలదు.

జాబితాలో నాలుగో గంట కుట్టుపని ఆమెది. కొట్టెయ్యమని చిన్న ఓనరు అంటే గేరక్క ఒప్పుకోలేదు. ఆ గంటకు గేటు దగ్గర బండి నిలబెట్టి, స్కూలు హెల్మెట్ ఒకటి సీటు మీద పెట్టుకుని కూర్చుంది. చెవుల్లోంచి బిరడాలు తీసి డబ్బాలో వేసుకుంది. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. ఒక్కో బస్సు ఆగినప్పుడల్లా దిగేవాళ్ళను చూసింది. ఈల సన్నగా మోగుతూనే ఉంది. గంట అయ్యాక హెల్మెట్ తీసి లోపల అరలో పెట్టి, వచ్చే ఆదివారం జాబితాలో నాలుగో గంట ఎదురుగా మళ్ళీ ఆమె పేరే రాసి, ఇంటికి బయల్దేరింది.